నాటకపు రాత్రులు నిలిచిన యిండ్లు

పద్యనాటకమునకు పుట్టినిల్లు ఏది యని యడిగినచో పలువురు పలు పట్టణముల పేర్లు చెప్పుదురు గాని, మెట్టినిల్లు తెనాలి యనుటలో సందేహించువా రరుదు. ఈ వేసవి సెలవులలో మేము తెనాలి, బాపట్ల, రేపల్లెలు చూచి వచ్చితిమి. మేము పోయినది గోపురములకొఱకు గాదు, సముద్రముకొఱకు గాదు. నాటకము జరుగుచుండగా రసికులు తమ టేపురికార్డరులతో పట్టుకొని, ఒకరి కొకరు ఇచ్చి పుచ్చుకొన్న క్యాసెట్టులకొఱకు.

తెనాలి కృష్ణకాలువల నడుమ నున్న పట్టణము. ఇచ్చటి రామవిలాససభ పేరు వినని నాటకప్రియులు లేరు. 1902లో బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావుగారు ఈ సభలోనే సత్యభామయై, చిత్రాంగియై, స్త్రీలే చూచి విస్తుపోవునట్లు నటించిరి. 1956లో పద్మశ్రీ పొంది, 1971లో కీర్తిశేషులైరి. మాధవపెద్ది వెంకటరామయ్యగారి దుర్యోధనుడును ఈ సభవాడే. అప్పటి మహానటుల గొంతుకలలో కొన్ని గ్రామఫోను పలకలపై నిలిచినవి.

అయితే పలక యొక్క ఒక్కొక్క వైపున పట్టునది మూడు నిమిషముల పైచిలుకు మాత్రమే. నాటకమో, రాత్రి పదిగంటలకు మొదలై కోడికూతతో ముగియునది. తిరుపతి వేంకటకవుల రాయబారములో కృష్ణుడు ఒక పద్యము చదువగానే జనము "వన్స్ మోర్" అని కేకలువేయును. రెండవమాఱు ఆ పద్యమే పాడును గాని ఆ రాగమే పాడునని నియమము లేదు. హార్మోనియమువాడు వెనుకనే పరుగెత్తవలెను. ఆ రెండవ పాట, ఆ కేకలు, ఆ పరుగు పలకపై లేవు. రసికుల క్యాసెట్టులలో ఉన్నవి.

క్యాసెట్టు 1963లో ఐరోపాలో పుట్టినది. తరువాతి దశాబ్దములలో మన పల్లెలకును వచ్చెను. శివరాత్రికో, శ్రీరామనవమికో నాటక మున్నదని తెలియగానే రసికుడు పెందలకడనే పోయి హార్మోనియముప్రక్క చోటు సంపాదించును. తొంబది నిమిషముల క్యాసెట్టులో ఒక్కొక్క వైపు నలుబదియైదు నిమిషములు. సరిగా పద్యము నడుమనే వైపు మార్చవలసి వచ్చును. తెల్లవారుజామునకు బ్యాటరీలు నీరసించినచో టేపు మెల్లగా తిరుగును. మఱునాడు మామూలు వేగమున వినునప్పుడు కృష్ణుని శ్రుతి చిన్నపిల్లవాని శ్రుతియై వినవచ్చును. మాతృకనుండి నకలు, నకలునుండి నకలు తీసిన కొలది బుసబుసలు పెరుగును. కనుకనే "నీది ఎన్నవ నకలు?" అనునది వీరి మొదటి ప్రశ్న. ఒక నాటకమునకు ఒక నాటకము, లేదా ఖాళీ క్యాసెట్టు, సొమ్ము ముట్టరాదు. ఇదియే వీరి కట్టుబాటు.

ఇట్టి కట్టుబాటు దూరదేశములందును కలదు. జాజ్ అనునది అమెరికా నల్లజాతివారి సంగీతము. దానిలో ఇతర బాణీలు మేళవించి వాయించువారి కచ్చేరీలను అభిమానులు తామే పట్టి, అమ్మక, ఒకరి కొకరు పంచుకొనుచుండిరి. జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌గార్ల "రిమెంబర్ శక్తి" మేళములో మన పాలకొల్లున 1969లో జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్‌గారు వాయించెడివారు. ఆయన 2014లో చిన్నవయసుననే కాలధర్మము నొందిరి. విచారించి చూడగా మన నాటకసంగీతమును మేళవింపే గదా! హార్మోనియము పాశ్చాత్యులది, రాగములు కొన్ని హిందూస్థానీలోనివి, పద్యము మనది.

తెనాలినుండి మదరాసువైపు పోవు రైలెక్కి బాపట్లలో దిగితిమి. భావనారాయణస్వామి కోయిలకు ప్రసిద్ధి కెక్కిన యీ పట్టణము 2022 ఏప్రిలునుండి జిల్లాకు ముఖ్యస్థానము. అచ్చట ఒక వృద్ధురాలి యింటికి పోతిమి. ఆమె భర్త మంచి రసికుడు. ఇరువదిరెండు క్యాసెట్టులు నింపి, బీరువాలో బెట్టి తాళము వేసెడివాడట. ఆయన పోయిన పిదప అవి అటక యెక్కినవి. సూర్యలంక సముద్రము దగ్గర, ఉప్పుగాలి, చెమ్మ. మేము తెఱచి చూడగా టేపులకు బూజు పట్టి చుట్టలు అంటుకొనిపోయినవి. రెంటిపై మనుమలు సినిమాపాటలు ఎక్కించిరి. "ఒక్కటి మాత్రము రేపల్లెలో స్నేహితుని కిచ్చిరమ్మా" అని ఆమె జ్ఞాపకము చేసికొనెను.

మరల తెనాలి వచ్చి రేపల్లె బండి యెక్కితిమి. వరిమాగాణుల నడుమ వేమూరు, పురాతన బౌద్ధస్తూపము గల భట్టిప్రోలు దాటి పట్టాలు రేపల్లెలో ముగియును. ఆ స్నేహితుడు తొంబదేండ్లవాడు. అడిగినవారి కెల్ల నకలు ఇచ్చి, ఎవరికి ఏది యిచ్చినదియు నోటుపుస్తకములో వ్రాసి పెట్టుకొన్నాడు. తన మాతృకలలో సగము చెడినను, పుస్తకము చూచి, పుచ్చుకొన్నవారి యిండ్లనుండి మరల తెప్పించుకొన్నాడట. బాపట్ల క్యాసెట్టు దొరికెను: 1983 శివరాత్రి, రాయబారము. బ్యాటరీల నీరసముచే పెరిగిన శ్రుతిని, యంత్రములోని మర త్రిప్పి వేగము తగ్గించి ఆయన సరిచేసి వినిపించెను. ఫోనులోనికి ఎక్కించుకొని, తిరుగుప్రయాణములో బాపట్లలో దిగి ఆమెకు వినిపించితిమి. పద్యము ముగియగనే మైకుదగ్గరనుండి ఒక గొంతు "వన్స్ మోర్" అని గట్టిగా అఱచెను. ఆమె మా చేయి పట్టుకొని, "అమ్మాయీ, ఆ కేక మా వారిది. ఇంకొక్కమాఱు పెట్టు" అనెను.

తాళము వేసిన ఇరువదియొకటి పోయినవి. చేయి మారిన యొక్కటి మిగిలినది.

అయినను పంచుట వేఱు, అమ్ముట వేఱు. నటగాయకుని బ్రదుకు ఆతని గొంతుకయే. 1957 నాటి గ్రంథస్వామ్యచట్టమునకు 1994లో జరిగిన సవరణతో ప్రదర్శకులకును తమ ప్రదర్శనముపై హక్కు ఏర్పడినది. సమ్మతి లేక పట్టి, సొమ్ము చేసికొనుట ధర్మమును గాదు, చట్టమును గాదు. నాటకసమాజమువారే తమ పాటలు అమ్మునప్పుడు వెల యిచ్చి కొనుటయే మర్యాద.

సోదరీమణులారా! మీ యింటి అటకలను ఒకమాఱు వెదకుడు. క్యాసెట్టు అంచున నున్న చిన్న రెక్కను విఱిచినచో దానిపై మఱొకటి ఎక్కదు. నిలువుగా, పొడిచోట, స్పీకరుల అయస్కాంతమునకు దూరముగా నుంచవలెను. బూజు పట్టినదానిని యంత్రములో వేయక, తెలిసినవారి కప్పగింపవలెను. ఒక నకలు తీయించి, అర్థముచేసికొనగల మఱి రెండిండ్ల కిచ్చి, ఎవరి కిచ్చితిరో వ్రాసియుంచుడు. ఊరగాయ పెట్టినప్పుడు ఇరుగుపొరుగులకు పంపక తినము గదా! విద్యకు చెప్పిన మాటయే దీనికిని చెల్లును: ఇచ్చినకొలది పెరుగును, దాచినకొలది తరుగును.