మూడు కొండలు, మూడు కోటలు, ఒక సైకిలు దారి

జర్మనీ నైరుతి మూల, ఫ్రాన్స్ సరిహద్దుకు దగ్గరగా, ఫాల్ట్స్ అడవుల్లో అన్వైలర్ అనే చిన్న ఊరుంది. దానికి ఆనుకుని వరసగా మూడు కొండలు. ఒక్కో కొండ నెత్తిన ఒక్కో కోట: ట్రీఫెల్స్, అనెబోస్, షార్ఫెన్‌బెర్గ్. వెనక రెండూ శిథిలమైపోయాయి. ముందున్న ట్రీఫెల్స్ మాత్రం నిండుగా నిలబడి ఉంది. ఈ మూడింటినీ చుట్టి, ట్రీఫెల్స్ ఎక్కి, తిరిగి ఊళ్లోకి దిగే అడవి దారి ఒకటుంది, మౌంటెన్ బైక్ మీద పోవచ్చు రమ్మని మాన్‌హైమ్‌లో ఉద్యోగం చేస్తున్న మా పిన్ని కొడుకు ఎన్నాళ్లుగానో పిలుస్తున్నాడు. ఈ అక్టోబరులో కుదిరింది.

ఆదివారం పొద్దున్నే సైకిళ్లతో సహా రైలెక్కాం. ద్రాక్షతోటల మీదుగా లాండౌ, అక్కడ బండి మారి క్వైష్ లోయ వెంట అన్వైలర్. తర్వాత చక్రవర్తి అయిన రెండో ఫ్రెడరిక్ రాజు 1219లో పట్టణ హోదా ఇచ్చిన ఊరిది. తోళ్లు పదునుచేసేవాళ్లు బతికిన పాత వీధుల్లో ఏటి నీరు ఇప్పటికీ పెద్ద చెక్క చక్రాలను తిప్పుతోంది. ఊరు దాటగానే ఎక్కుడు మొదలు.

దారి మొత్తం ఇరవై కిలోమీటర్ల లోపే. ఎక్కేది అన్నీ కలిపి అయిదారువందల మీటర్లు ఉంటుంది. ఎక్కువ భాగం కలప లారీలు తిరిగే వెడల్పాటి మట్టిబాట, మధ్యమధ్యలో చెట్ల వేళ్లు అడ్డంపడిన సన్నటి కాలిబాట. రోజూ సైకిలు తొక్కే అలవాటుంటే చాలు, విద్యలేమీ రానక్కర్లేదు. నేల ఇసుక నేల కాబట్టి ముందురోజు వాన కురిసినా బురద లేదు. అయితే బీచ్ ఆకులు దట్టంగా రాలి ఉన్నాయి, వాటి కింద చెస్ట్‌నట్ కాయల ముళ్ల డొప్పలు. పగిలిన డొప్పలోంచి గోధుమరంగు గింజ నిగనిగలాడుతూ కనిపిస్తుంది. ఈ చెట్లను రోమన్లు తెచ్చారని ఇక్కడివాళ్లు చెబుతారు. కుటుంబాలకు కుటుంబాలే సంచులు పట్టుకుని గింజలు ఏరుకుంటున్నాయి. గంట కొట్టి, వేగం తగ్గించి, పలకరించి ముందుకు సాగాం. ఈ అడవిలో నడిచేవాళ్లకే మొదటి హక్కు.

మొదటి మజిలీ ఆసెల్‌స్టైన్. అడవి మధ్య నుంచి దాదాపు అరవై మీటర్లు నిటారుగా లేచిన ఎర్ర ఇసుకరాయి. తాళ్లు కట్టుకుని ఎక్కేవాళ్లు దాని మీద చీమల్లా కనిపించారు. దగ్గరికి వెళ్లి రాతిని తడిమాను. పొరలు పొరలుగా, పొర పొరకీ వాలు మారుతూ, మధ్యలో చిన్న చిన్న గుంతలు. చెయ్యి తీస్తే అరచేతికి ఎర్రటి ఇసుక అంటింది. దాదాపు 25 కోట్ల ఏళ్ల నాడు నదులు తెచ్చి పోసిన ఇసుక అది. మెత్తటి పొరలు అరిగిపోగా గట్టివి కొండకొమ్ములుగా మిగిలాయి. కోటలు కట్టినవాళ్లకు పునాదీ, గోడల రాయీ రెండూ ఆ కొమ్ముల్లోనే దొరికాయి.

పక్కనే ఉన్న పర్వతారోహకుల గుడిసెలో తినడానికి ఆగాం. శాకాహారులకు ఇక్కడ దొరికేది రొట్టె, దాంతో తెల్ల జున్ను. గుడ్డలో కట్టి నీళ్లు వడగట్టిన మన గడ్డపెరుగులా ఉంటుంది, అందులో సన్నగా తరిగిన ఉల్లికాడలు. ద్రాక్షరసంలో సోడా కలిపిన గ్లాసులతో అది కానిచ్చి మళ్లీ సైకిళ్లెక్కాం.

షార్ఫెన్‌బెర్గ్, అనెబోస్ కొండల నడుము చుట్టూ తిరిగే బాటలో అసలు ఆనందం ఉంది. ఒక మలుపులో వేళ్లు మెట్లుమెట్లుగా దిగుతున్నాయి. "అన్నయ్యా, వేరుకేసి చూడకు. వేరు దాటాక ఎటు పోవాలో అటు చూడు, బండి అదే పోతుంది" అన్నాడు తమ్ముడు. సీటు దించి, పెడళ్ల మీద లేచి, రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా పట్టి వదిలితే బండి నిజంగానే తన దారి తాను చూసుకుంది.

ట్రీఫెల్స్ కింద కార్లు ఆపే చోట సైకిళ్లకు తాళం వేశాం. చివరి ఎక్కుడు నడకే. సముద్రమట్టానికి దాదాపు 490 మీటర్ల ఎత్తున, రాతి కొమ్ము మీద ఉంది కోట. దీని పేరు 1081 నుంచే పత్రాల్లో కనిపిస్తుంది. పవిత్ర రోమన్ సామ్రాజ్య చక్రవర్తుల కిరీటం, కత్తి, పవిత్ర బల్లెం 12, 13 శతాబ్దాల్లో చాలాకాలం ఇక్కడే దాచారు. అసలువి ఇప్పుడు వియన్నాలో ఉన్నాయి, ఇక్కడ నకళ్లు చూపిస్తారు. మూడో క్రూసేడు నుంచి తిరిగొస్తూ 1192 డిసెంబరులో వియన్నా దగ్గర పట్టుబడ్డ ఇంగ్లండు రాజు సింహహృదయుడు రిచర్డ్‌ను మరుసటి వసంతంలో ఆరవ హెన్రీ చక్రవర్తి కొంతకాలం ఈ కోటలోనే ఉంచాడు. లక్ష మార్కుల వెండి ముట్టాక, 1194 ఫిబ్రవరిలో గానీ ఆయనకు విడుదల దొరకలేదు. ఆ సొమ్ము అండతో హెన్రీ సిసిలీని గెలిచాడు. అక్కడి ఖజానా కంచర గాడిదల మీద ఈ కొండకే చేరిందంటారు. అవి ఎక్కిన వాలు ఎలాంటిదో అప్పటికే నా కాళ్లకు తెలుసు.

కోటను చూసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1602లో పిడుగు పడి ఇది కాలిపోయింది. మనం చూసే పెద్ద హాలు 1938లో హిట్లర్ ప్రభుత్వం మొదలుపెట్టించిన కట్టడం. జాతి గర్వానికి ఒక వేదిక కావాలని కట్టారే తప్ప మధ్యయుగంలో ఇలా ఉండేదని కాదు. ఉబ్బెత్తు ముఖాలతో చెక్కిన రాళ్లున్న బురుజు కింది భాగం పాతది. ఆ రాళ్లను చూడటం నేర్చుకుంటే ఏది చరిత్రో, ఏది ప్రచారమో కంటికే తెలిసిపోతుంది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం బావి. కోటకు పక్కగా విడిగా ఒక చదరపు బురుజు, దాన్ని కోటతో కలిపే వంతెన. బురుజు లోపల రాతిని 79 మీటర్ల లోతుకు తొలిచి నీళ్లు పట్టారు. ఎత్తు శత్రువును దూరం పెడుతుంది, నీళ్లనూ దూరం చేస్తుంది. సీసాలో నీళ్లు అడుగంటి, చొక్కా చెమటతో తడిసి వచ్చినవాడికి ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. కారులో వచ్చినా ఇదే కోట చూడొచ్చు. కానీ ఆ ఎత్తుకు చెల్లించిన వెల మాత్రం ఎక్కి వచ్చినవాళ్లకే తెలుస్తుంది.

మాన్‌హైమ్, వాల్డోర్ఫ్, కార్ల్‌స్రూ చుట్టుపక్కల ఎందరో తెలుగువాళ్లున్నారు. ఒక్క ఆదివారం చాలు ఈ దారికి. హెల్మెట్, రెండు సీసాల నీళ్లు, పంక్చరు సామాను పెట్టుకోండి. పైకి చేరాక కిరీటం గదికి పరుగెత్తకండి, ముందు బావి దగ్గరికి వెళ్లండి. చక్రవర్తి అయినా, బందీ అయిన రాజైనా ఆ కొండ మీద బతికింది ఆ నీళ్లతోనే.