డ్రమ్ములో పడవ ఇంజను

నరసరావుపేటలో పడవ ఇంజనుకేం పని అని అడిగినవాళ్లందరికీ చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. మాకు నీళ్లంటే సాగర్ కుడి కాలువ నీళ్లే. 1967లో కాలువలకు నీళ్లొదిలిన దగ్గర్నుంచీ ఆ నీళ్లతో పంటలు పండించుకున్నాం గానీ, పడవెక్కిన పాపాన పోలేదు. ఆ ఇంజను మా బావమరిదిది. రేపల్లె అవతల చేపల చెరువులు కౌలుకు చేస్తాడు. మేత చల్లే పడవ వెనక బిగించే పాత టూ స్ట్రోక్ మోటారు. ఎండాకాలం చెరువులు ఎండగట్టి, దాన్ని ట్రాలీ ఆటోలో వేసుకుని మా వసారాలో దించాడు.

"బావా, అక్కడి కుర్రాళ్లకి ఫోర్ స్ట్రోక్ తప్ప తెలీదు. మీ స్కూటర్ భాయ్‌కి చూపించు."

మాట నిజమే. టూ స్ట్రోక్ స్కూటర్లు పోతూ పోతూ వాటి వైద్యుల్నీ వెంట తీసుకుపోయాయి. మిగిలిన ఒకరిద్దరిలో భాయ్ ఒకడు. కోటప్పకొండ తిరునాళ్లకి ప్రభ మీద లైట్లు ఆరకుండా జనరేటర్ పక్కన రాత్రంతా కూర్చునే మనిషి. చప్పుడు మారితే నిద్రలో కూడా లేస్తాడంటారు.

ఇంజను జబ్బు పెట్రోలు కారడం. పెట్రోలు ట్యాంకు వేరే ఉంటుంది. దాన్నుంచి గొట్టం, గొట్టం మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బుడ్డి. గొట్టం ఇంజను డొప్పలోకి దూరేచోట టపటపా చుక్కలు. మావాడు గొట్టం రెండుసార్లు మార్చాడు, క్లిప్పులు మార్చాడు. అయినా కారుతూనే ఉంది. ఆ రాత్రి ఇల్లంతా ఒకటే కంపు. "పొయ్యి వెలిగించమంటారా, పస్తులుండమంటారా?" అంది మా ఆవిడ. తమ్ముడిది కాబట్టి అంతటితో సరిపెట్టింది.

పొద్దున్నే భాయ్ వచ్చాడు. బీడీకట్టా అగ్గిపెట్టే గేటు గోడ మీదే పెట్టి లోపలికొచ్చాడు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, డొప్పలోనూ గుంటల్లోనూ పడుకుని ఉంటుంది, నిప్పు కోసం అది వెతుక్కుంటూ వస్తుందని ఆయన లెక్క. గొట్టం వైపు చూడనైనా చూడలేదు. డొప్ప తీసి లోపల మరకలు చూశాడు. ఈ ఇంజన్లలో పెట్రోల్లోనే ఆయిల్ కలుపుతారు. మా వాడిది యాభై లీటర్లకు లీటరు. పెట్రోలు ఎగిరిపోతుంది, ఆయిల్ ఎక్కడికి పోతుంది? జిడ్డు చార పైనుంచి మొదలై, ఇంజను కింది పళ్లెం అంచు వెంబడి పాకి, గొట్టం కన్నం దగ్గర తేలింది.

"మాస్టారూ, మిద్దె కారితే చుక్క పడ్డచోటే బొక్క ఉంటుందా?"

లోపలంతా పాత బనీనుతో పొడిగా తుడిచి, మా ఇంట్లో ముఖానికి రాసుకునే పౌడరు చల్లాడు. రబ్బరు బుడ్డి నొక్కమన్నాడు. పదిసార్లు నొక్కితే అది గట్టిపడాలి. ఎన్నిసార్లు నొక్కినా మెత్తగానే ఉంది. ఇంతలో కార్బురేటర్ నోట్లోంచి పెట్రోలు పొంగి, తెల్లటి పౌడరు మీద సన్నటి తడి గీత గీసుకుంటూ దిగింది. మావాడు రెండుసార్లు కొన్న గొట్టాల ఖరీదు మనసులో కూడుకుంటున్నట్టు చూశాడు.

కార్బురేటర్ విప్పాడు. ఫ్లోట్‌ని చెవి దగ్గర పెట్టుకుని కొబ్బరికాయలా ఆడించాడు. లోపల పెట్రోలు చేరితే గలగలమంటుందట. అనలేదు. తప్పంతా నీడిల్‌ది. ఫ్లోట్ తేలే గిన్నె నిండగానే పైకి లేచి పెట్రోలు దారి మూయాల్సిన ముల్లు అది. నన్ను గోటితో తడమమన్నాడు. మొన చుట్టూ ఉంగరంలా గాడి. పక్కన, నిరుడు వదిలేసిన పెట్రోలు ఎండి తుమ్మజిగురులా పేరుకుంది.

మావాడు నేరమంతా ఇథనాల్ మీదికి తోసేశాడు. 2023 నుంచి బంకుల్లోకి వస్తున్న ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బర్లకు పడదు, తేమనూ పీలుస్తుంది, కాదనను. కానీ గోటికి తగిలిన ఆ గాడి ఏళ్ల తరబడి అరిగింది. ఆ మాట భాయ్ అనలేదు, నేనూ అనలేదు.

ఇలా పడవ వెనక బిగించే మోటార్లను 1909లో అమెరికాలో అమ్మకానికి పెట్టి పేరు తెచ్చినవాడు నార్వే నుంచి వెళ్లిన ఓలే ఎవిన్‌రూడ్. కాబోయే భార్య కోసం చెరువుకు అడ్డంగా తెడ్డేసుకుంటూ ఐస్‌క్రీమ్ తెచ్చేలోపు అది కరిగిపోయిందనీ, ఆ ఉక్రోషంలో పుట్టిందే ఈ ఆలోచన అనీ చెప్పుకుంటారు. మా ఊరి మే నెలలో ఐస్‌క్రీమ్ వీధి మలుపు దాటితే గొప్ప.

భాయ్ తన డబ్బాలోని స్కూటర్ నీడిళ్లు మూడు పెట్టి చూశాడు. మూడోది సరిపోయినట్టే ఉంది. తీసి పక్కన పడేశాడు. "సరిపోయినట్టుంది అంటే సరిపోలేదనే." అసలుది మద్రాసు నుంచి కొరియర్లో రావడానికి నాలుగు రోజులు పట్టింది.

నీళ్లు లేకుండా ఈ ఇంజను తిప్పితే కింద నీళ్లు తోడే రబ్బరు చక్రం మాడిపోతుంది. అందుకని దూలానికి బిగించి, మా నీలం డ్రమ్ములో ముంచి, తాడు లాగాడు. మూడో లాగుడికి అంటుకుంది. వీధంతా నీలిపొగ. ఎదురింటావిడ తిట్టుకుంటూ దండెం మీది చీరలు లాక్కుపోయింది. ఇంజను కింద పరిచిన పాత పేపరు మీద పావుగంటకీ చుక్క లేదు, జిడ్డూ లేదు.

మావాడు సంబరంగా అక్కను కేకేశాడు. ఆవిడ వచ్చి ఇంజను వైపు చూడలేదు, డ్రమ్ములోకి చూసింది. నీళ్ల మీద ఇంద్రధనుస్సు రంగుల్లో ఆయిలు తెట్టు. అవి రెండు రోజుల వాడకం నీళ్లు. కుళాయి మళ్లీ రేపు సాయంత్రానికి.