వాతాయనము

కిటికీకి సంస్కృతమున వాతాయనమని పేరు. గాలి నడచు త్రోవ యని యర్థము. ఆంగ్లేయుల విండో శబ్దమునకు మూలము వెదకినను పూర్వపు నార్సు భాషలోని గాలికన్ను అను మాటయే దొరకును. ఈ రెండు వ్యుత్పత్తులను ఏటేట పిల్లలకు బోధించి, వారు ఆశ్చర్యపడినప్పుడెల్ల లోలోన మురిసిన ఉపాధ్యాయుడను నేను. అట్టి నేనే కువైటు దేశమున సాల్మియాలో ఒక నాలుగవ యంతస్తు ఇంట, ఆ గాలికన్నులలో తడిగుడ్డలు దోపుచు ఒక సాయంకాలము గడపవలసి వచ్చినది.

అది 2022వ సంవత్సరము మే మాసము. వాయవ్యమునుండి వీచు గాలిని అరబ్బులు షమాల్ అందురు. ఇరాకు, సిరియాలలోని యెండిన బయళ్లమీది మెత్తని మన్నును అది యెత్తుకొని దక్షిణమునకు వచ్చును. ఆ ధూళిని కువైటువారు తోజ్ అని పిలుతురు. ఆ నెలలో అది పలుమార్లు లేచినది. విమానాశ్రయమున రాకపోకలు ఆపవలసి వచ్చినది. ఇరాకులో వేలకొలది జనులు ఊపిరాడక ఆసుపత్రులకు పరుగెత్తిరి. మా యింటినుండి చూడగా ఎదుటి మేడ మాయమైనది. గదిలోని వెలుతురు బెల్లపుపాకము రంగు తిరిగినది.

మా చిన్నవాడికి ఎనిమిదేండ్లు. వానికి ఉబ్బసము కలదు.

తలుపులు బిగించితిమి. గడపల క్రింద దుప్పట్లు చుట్టి పెట్టితిమి. అయినను గంట తిరుగకముందే నా పుస్తకములమీద పిండి చల్లినట్లు దుమ్ము పేరినది. నాకు కోపము వచ్చినది. "ఇల్లు ఊడ్చి ఎన్నాళ్లయింది?" అని నా భార్యను కసరితిని. ఆమె వంటింటినుండి, "తలుపులన్నీ మూశాం గదండీ, ఇది ఎక్కణ్నుంచి వస్తోందో నాకు మాత్రం ఏం తెలుసు?" అన్నది. న్యాయమైన ప్రశ్న. ప్రత్యుత్తరము లేనివాడు చేయు పనినే నేనును చేసితిని: వెంటనే ఊడ్వుమని ఆజ్ఞాపించితిని. మన్నువాసన పోవుటకై రెండు అగరువత్తులు గూడ వెలిగించితిని. ఆమె చీపురు పట్టినది. కాసేపటికి చిన్నవాడు దగ్గనారంభించెను. ఊపిరి పీల్చినప్పుడెల్ల వాని మెడక్రింది గుంట లోనికి పోవుచుండెను. ఇన్‌హేలరు రెండు మారులు పీల్పించి, వానిని ఒడిలో నిటారుగా కూర్చుండబెట్టుకొని, ఆమె తెల్లవాఱువఱకు మేలుకొనియున్నది. వాడు కుదుటబడెను. నేను నిద్రపోయితిని, ఈ మాట వ్రాయుటకు సిగ్గగుచున్నది.

మనకు ధూళియనిన మంగళకరము. గోధూళివేళ ముహూర్తములు పెట్టుకొందుము; పెద్దల పాదధూళి తలదాల్తుము. అమరసింహుడు రేణువు, ధూళి, పాంసువు, రజస్సు అని పేర్లు చెప్పెనే గాని పాపము కొలతలు చెప్పలేదు. ఆ కొలతలను నేను తరువాత చదివి తెలిసికొంటిని. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రోమీటర్లు. 10 మైక్రోమీటర్లకు లోబడిన రేణువు ముక్కును దాటి ఛాతీలోనికి పోగలదు. రెండున్నరకు లోబడినది ఊపిరితిత్తుల తుది గదుల దాక పోవును. మొదటి జాతి రేణువులు ఒక దినమున సగటున ఘనమీటరు గాలికి 45 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో నిర్ణయించినది. తోజ్ లేచిననాడు ఈ లెక్క వేయి దాటుట వింతగాదు.

ఇక మా యింటిలో జరిగిన దేమనగా, వంటింటి గోడలోని ఎగ్జాస్టు ఫ్యాను తిరుగుచునే యున్నది. ఆమె తాలింపు పొగకు వేసినది. ఆపవలెనని ఆమెకును తోచలేదు, నాకును తోచలేదు. అది లోపలి గాలిని బయటికి నెట్టినంతసేపు, ఆ లోటు పూడ్చుటకు ప్రతి సందునుండియు బయటి గాలి చొచ్చుకొనివచ్చును. అనగా ఒక చేత గుడ్డలు దోపుచు, రెండవ చేత ధూళిని పిలుచుచుంటిమి. గోడమీది ఏసీ యన్ననో, గదిలోని గాలినే త్రిప్పి చల్లబఱచును. దాని జల్లెడకు ముతకదుమ్ము మాత్రమే చిక్కును. అగరువత్తి పొగ గూడ సన్నని రేణువులే గదా! మూసిన గదిలో దానిని నేనే పుట్టించితిని. అన్నిటికి మించినది చీపురు. నేలమీద పడి నిదానించిన ధూళిని అది మరల లేపి, సరిగా పిల్లవాని ముక్కు ఎత్తునకు తెచ్చినది.

ఈ చివరి సంగతి నాకు చెప్పినది పుస్తకము గాదు. కువైటులో ఇండ్లపని చేయు తెలుగుస్త్రీలు పెక్కురు. కడప సీమనుండి, గోదావరి జిల్లాలనుండి వచ్చినవారు. అందులో కడపవైపు ఆమె యొకతె శుక్రవారము సెలవు దొరకినప్పుడు మా యింటికి వచ్చును. నా భార్య ఆమెను అక్కా యని పిలుచును. జరిగినదంతయు విని ఆమె నవ్వెను. "ఎండు చీపురు పెడితే దుమ్ము యాడికి పోతాది సార్? లేసి మళ్లీ ఆడనే కూసుంటాది. గాలి నిలిచినాక తడిగుడ్డతో తుడ్సాల, ఆ గుడ్డ ఉతకాల. బయట తెల్లబడినాక కిటికీలు తెరవాల, లేకుంటే లోపలి గాలి మురిగిపోతాది" అన్నది. ఇన్నేండ్లు చదివిన నా చదువులో ఈ నాలుగు మాటలు లేవు.

గాలిని వడపోయు యంత్రము కొనవలెనని నేను ఆలోచించుచుంటిని. వారి యజమాని యింట నున్నదా, మేలు చేయునా యని యడిగితిని.

"ఉండాది సార్, మంచిదే. పాప గదిలో పెట్టినారు."

"మఱి నీ గదిలో?"

"నాది మిద్దెపైన గది. వాకిలి కింద బెత్తెడు సందు. తోజ్ వచ్చిన రాత్రి పడకంతా మన్నే. తెల్లారి ఇల్లంతా తుడిసి, నా గదికి పోయేసరికి మజ్జాన్నమైతాది." ఇట్లు చెప్పుచు ఆమె రెండు మారులు దగ్గినది. ఎన్నాళ్లుగా నున్నదని నా భార్య అడుగగా, అది మామూలేనన్నది.

నాటినుండి మా యింట తుడుచు గుడ్డ నా చేతికి వచ్చినది. మొదట నేను నీళ్లు ఎక్కువ పోసి నేలంతయు బురద చేసితిని. నా భార్య ఏమియు ననలేదు, చిన్నవాడు మాత్రము నవ్వెను.

తరువాతి శుక్రవారము బజారున తలుపుల అడుగున అంటించు రబ్బరుపట్టీ కొని ఆమెకిచ్చితిని. ఆమె దానిని చుట్ట చుట్టి, మేడమ్‌ను అడిగి అంటించుకొందునని చెప్పి, సంచిలో వేసికొని పోయినది.