తడలో ఒక స్లాబు ముందు రోజు

తడలో హైవే దాటి సందులోకి తిరిగితే ఒక సివిల్ ఇంజనీరు ఆఫీసు. ఒకటే గది. మూలనున్న, ప్లాన్లు ముద్రించే ప్లాటర్ మీద పాత పేపర్లు పేర్చి ఉన్నాయి. "ఇంకా ఎందుకు పెట్టుకున్నావబ్బా?" అంటే, "కొనేవాడేడన్నా!" అని నవ్వాడు.

ఇల్లు కట్టాలనుకునేవాళ్లు ఇప్పుడు ప్లాను ఫోన్లోనే పట్టుకొస్తున్నారు. ముప్పై బై నలభై, తూర్పు వాకిలి అని అడిగితే చాలు, ఏఐ వాస్తుతో సహా పది ప్లాన్లు గీసిచ్చేస్తోంది. పక్కనే 2008లో మొదలైన శ్రీసిటీ పారిశ్రామికవాడలో షెడ్ల పద్ధతే వేరు. స్తంభాలు, దూలాలు ఎక్కడో ఫ్యాక్టరీలో తయారై ట్రైలర్ల మీద వస్తాయి, ఇక్కడ క్రేన్‌తో నిలబెట్టి బోల్టులు బిగించడమే. అందులో తడ ఇంజనీరుకు దక్కేది తక్కువ. కార్మికులకు అద్దెకిచ్చే గదులు, ప్రహరీలు, సొంతిళ్లు, అతని బతుకు వాటి మీదే.

ఇతన్ని చట్టం కాపాడుతుందా అంటే, ఆర్కిటెక్టులకే ఆ ధీమా లేదు. 1972 ఆర్కిటెక్టుల చట్టం కాపాడేది ఆర్కిటెక్ట్ అనే బిరుదునే తప్ప ఆ పనిని కాదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. పేరు పక్కన ఆ మాట రాసుకోకపోతే సరి, ఇంటి బొమ్మ ఎవరైనా గీయొచ్చు. మరి ఇతనికి జనం దేనికి డబ్బివ్వాలి? అది చూద్దామనే నేను వెళ్లింది.

బండెక్కించుకుని పులికాట్ సరస్సు వైపున్న సైటుకు తీసుకెళ్లాడు. మర్నాడు స్లాబు. నీళ్ల ట్యాంకరు అప్పుడే వచ్చి ఆగింది. ఇంజనీరు సంచిలోంచి రెండు గాజు గ్లాసులు, ఒక గోధుమరంగు సీసా తీశాడు. ఒక గ్లాసులో ఇంటి నుంచి తెచ్చిన క్యాన్ నీళ్లు, రెండోదాంట్లో ట్యాంకరు నీళ్లు. సీసాలోది సిల్వర్ నైట్రేట్. ఒక్కో దాంట్లో రెండు చుక్కలు వేశాడు. క్యాన్ నీళ్లు కొంచెం మసకేశాయి. ట్యాంకరు నీళ్లు మాత్రం చూస్తుండగానే విరిగిన పాలలా తెల్లబడ్డాయి. అతని వేలి కొసలు ఎందుకు నల్లగా ఉన్నాయో అప్పుడర్థమైంది, ఆ మందు తగిలితే మరక ఓ పట్టాన పోదు.

"ఇది ఉప్పుందని చెప్తది గానీ ఎంతుందో చెప్పదు. దానికి ల్యాబ్‌కు పంపాల్సిందే," అన్నాడు. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఇనుము లేని కాంక్రీటుకు వాడే నీళ్లలో లీటరుకు 2000 మిల్లీగ్రాముల దాకా క్లోరైడు ఉండొచ్చు. కడ్డీలుంటే 500 దాటకూడదు. దాటితే ఆ ఉప్పు లోపల కడ్డీని తినేస్తుంది. తుప్పు అసలు ఇనుముకన్నా రెండు మూడింతలు ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. అదీ గృహప్రవేశం నాడు కాదు, చాలా ఏళ్ల తర్వాత.

మేస్త్రికి ఇదంతా నచ్చలేదు. "ముప్పై ఏండ్లుగా ఇవే నీళ్లతో పోస్తా ఉండాం సార్, ఏ ఇల్లు పడిపోయింది?" అన్నాడు. ఇంజనీరు వాదించలేదు. స్లాబు అంచున దూలం కడ్డీల కింద పెట్టిన బిళ్ల తీసి టేపు పెట్టాడు. 25 మిల్లీమీటర్లు. తీరప్రాంతపు గాలి తగిలే చోట కడ్డీని కప్పే కాంక్రీటు మందం ఉండాల్సింది 45. బిళ్ల పక్కన టేపు పెట్టి ఫోటో తీసి, రిజిస్టర్లో రాసి, మేస్త్రి చేత సంతకం పెట్టించాడు. ట్యాంకరు వెనక్కి పోయింది, స్లాబు వాయిదా పడింది. మేస్త్రి పంతం నాకర్థమైంది. వాయిదా పడిన రోజు కూలి ఎవరిస్తారన్న ప్రశ్నకు అక్కడ ఎవరూ జవాబు చెప్పలేదు.

ఇతని తెలివంతా బిల్లులో ఉంది. ప్లానుకు నామమాత్రం వేస్తాడు. సైటుకొచ్చిన ప్రతిసారికీ, చేసిన ప్రతి పరీక్షకూ విడివిడిగా రాస్తాడు. చివర్లో ఫోటోలు, ల్యాబు కాగితాలు కలిపి ఫైలు చేసి యజమాని చేతికిస్తాడు. స్లాబు కింద పూడిపోయే పనిని కనబడేలా చేయడానికి ఇంతకన్నా మంచి ఉపాయం నాకూ తోచలేదు. అయితే ఆ ఫైలు తిరగేసే ఓపిక ఎందరికుంటుందో!

సాయంత్రం ఇంకో ఇంటి యజమాని ఆఫీసుకొచ్చాడు. ఓపికున్న మనిషే. కళ్లజోడు పెట్టుకుని బిల్లు పొడుగునా వేలు పెట్టి చదివాడు. "అబ్బయ్యా, ఈ మంగళవారం నువ్వు రాలేదు గదా?" ఇంజనీరు ఫైల్లో ఆ రోజు ఫోటో తీసి చూపించాడు, మూలన తేదీ, టైము ఉన్నాయి. పెద్దాయన దాన్ని దగ్గరికి పెట్టుకుని చాలాసేపు చూశాడు. "సరే, వచ్చినావు. మరి ఆ పొద్దు మా వాడు టీ అయినా ఇచ్చినాడా?" అని అడిగి, సగం ఇప్పుడిచ్చి మిగతాది సోమవారమన్నాడు.