వెయ్యో యూనిట్ దగ్గర

డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కున్న తెనాలి దంపతులు గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించుకున్నారు, పంతులుగారితో మాట్లాడుకున్నారు, పాలు పొంగించడానికి ఇత్తడి గిన్నె తోమి పెట్టుకున్నారు. ముహూర్తం మూడు రోజులు ఉందనగా ఆమె అడిగింది: "స్టవ్ కరెంటుది కదండీ, కరెంటు మన పేరు మీదికి మార్పించారా?" మార్పించలేదు. అంతకుముందు అద్దెకున్న అపార్ట్‌మెంటులో, ఆఫీసువాళ్లు ఏ కంపెనీ పేరు చెబితే దానికే నాలుగేళ్లు కట్టుకుంటూ వచ్చాడు. కరెంటు కంపెనీని తానే ఎంచుకోవాల్సి రావడం అతనికి అదే మొదటిసారి.

అసలు ఎంచుకునే అవకాశం ఉందో లేదో ముందు తేలాలి. ఫ్రిస్కోలో కొన్ని వీధులకి ఆన్‌కోర్ అనే కంపెనీ తీగలు, కొన్నిటికి కోసర్వ్ అనే సహకార సంఘం తీగలు. కోసర్వ్ వైపు పడితే ఆ సంఘం దగ్గరే కరెంటు కొనాలి, బేరం లేదు. డెంటన్, గార్లండ్, ఆస్టిన్, శాన్ ఆంటోనియోల్లో కరెంటు ఊరి సొంతం, అక్కడా ఎంపిక లేదు. మిగతా టెక్సస్‌లో చాలా భాగానికి 1999లో చట్టం వచ్చింది. అప్పటి గవర్నర్ జార్జ్ డబ్ల్యూ. బుష్ సంతకం పెట్టారు. 2002 జనవరి 1 నుంచి కరెంటు అమ్మకం పోటీకి తెరుచుకుంది. లబ్బక్ నగరమైతే 2024లోగానీ ఆ బాట పట్టలేదు. వీళ్ల వీధి ఆన్‌కోర్‌ది.

రాత్రి పదకొండింటికి, రాష్ట్ర యుటిలిటీ కమిషన్ నడిపే పవర్ టు చూజ్ వెబ్‌సైట్‌లో జిప్ కోడ్ కొట్టారు. వందకు పైగా ప్లాన్లు వచ్చాయి. అన్నిటికన్నా పైన యూనిట్ 8 సెంట్లు. కింద పధ్నాలుగు, పదిహేను సెంట్లవి బారులు తీరి ఉన్నాయి. ఎనిమిది ఉండగా పధ్నాలుగు ఎవరు కడతారు? పన్నెండు నెలలకి ఒప్పుకున్నారు. ముహూర్తం వేళకి కరెంటు ఉంది, పాలు పొంగాయి.

అక్టోబరులో 780 యూనిట్లు కాలాయి. ఎనిమిది సెంట్ల చొప్పున 62 డాలర్లు వస్తుందనుకున్నారు. 140 డాలర్ల 40 సెంట్లు వచ్చింది.

తప్పుడు బిల్లేమో అని ఫోన్ చేస్తే, కంపెనీ మనిషి ఓపిగ్గానే చెప్పింది. ఆ ప్లాన్‌లో తీగల చార్జీతో కలిపి యూనిట్ ధర సుమారు 18 సెంట్లు. నెలలో వాడకం 1,000 యూనిట్లు చేరితే బిల్లులోంచి 100 డాలర్లు తగ్గిస్తారు. అంటే సరిగ్గా వెయ్యి కాలిస్తే 180లో వంద పోను 80 డాలర్లు, యూనిట్‌కి 8 సెంట్లు. ప్రకటనలోని ఎనిమిది అదే. 500 కాలిస్తే 18 సెంట్లు, 2,000 కాలిస్తే 13 సెంట్లు పడుతుంది. ఇవేవీ దాచినవి కావు. ప్రతి ప్లాన్‌కీ విధిగా ఇవ్వాల్సిన ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్ అనే కాగితంలో 500, 1,000, 2,000 యూనిట్ల దగ్గర సగటు ధర పక్కపక్కనే ఉంటుంది. మధ్య గడినే పెద్దక్షరాల్లో చూపిస్తారు, జనం అదే చూస్తారు. కాంట్రాక్టు మధ్యలో మానుకుంటే 150 డాలర్ల రుసుము అనీ అదే కాగితంలో ఉంది. దాంతో ఏడాదీ భరించాల్సి వచ్చింది.

మన ఇళ్లలో పెరిగినవాళ్లకి ఇది తలకిందుల లెక్క. ఆంధ్రాలోనైనా తెలంగాణలోనైనా యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరిగే స్లాబులు. రీడింగు తీసే అబ్బాయి రెండ్రోజులు ఆలస్యంగా వస్తే స్లాబు మారిపోతుందని వాకిట్లో నిలబడి ఎదురుచూసే ఇల్లాళ్లున్నారు. గదిలో ఎవరూ లేకపోతే ఫ్యాన్ కట్టేయాలన్నది చిన్నప్పుడే చేతికి అలవాటైన పని. ఆమె ఫ్రిస్కోలోనూ అలాగే కట్టేస్తూ వచ్చింది. జనవరిలో వాళ్ల వాడకం 980 యూనిట్లు, బిల్లు 176 డాలర్ల 40 సెంట్లు. ఇంకో ఇరవై యూనిట్లు కాలి ఉంటే 80 డాలర్లతో పోయేది.

వేసవిలో ఆమె తండ్రి వచ్చాడు. ఆయన పాత విద్యుత్ బోర్డు ఏపీఎస్‌ఈబీలో చేరి, లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన మనిషి. టెక్సస్ చట్టం వచ్చిన 1999లోనే, ఫిబ్రవరి 1న, ఆయన పనిచేసే బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. మరుసటి ఏడాది ట్రాన్స్‌కోలోంచి నాలుగు డిస్కంలు వచ్చాయి. సంస్కరణ అన్న మాట రెండు చోట్లా ఒకే ఏడాది వినిపించినా దారులు వేరయ్యాయి. ఆంధ్రాలో ఏ ఊరికి ఏ డిస్కం అన్నది వాడుకునేవాళ్ల చేతిలో లేదు, ధర నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. చార్జీలు పెరిగితే రోడ్డెక్కి అడగొచ్చు. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో అలా అడిగినవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపితే ప్రాణాలు పోయాయి. ఆ రోజు గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు ఇప్పటికీ మారుతుంది. టెక్సస్‌లో పోటీ ఉన్న చోట కమిషన్ నిర్ణయించేది తీగల చార్జీ వరకే. అమ్మకం ధర కంపెనీకీ ఇంటికీ మధ్య ఒప్పందం.

జూన్‌లో ఓ సాయంత్రం గాలివానకి కరెంటు పోయింది. ఆయన చీకట్లోనే అడిగాడు.

"ఇప్పుడు ఎవరికి ఫోన్ చేస్తే లైన్‌మన్ వస్తాడు అల్లుడుగారూ? బిల్లు వేసేవాడికా?"

"కాదు మామయ్యా, ఆన్‌కోర్‌కి. తీగలూ స్తంభాలూ మీటరూ వాళ్లవే. బిల్లు కంపెనీకి లైన్‌మన్లే ఉండరు."

"మరి వీధిలో అందరిదీ ఒకటే ట్రాన్స్‌ఫార్మరైతే, కంపెనీ మారిస్తే కరెంటులో తేడా ఏముంటుంది?"

ఏమీ ఉండదు. ఖరీదైన కంపెనీ అయితే కరెంటు పోదని నమ్మేవాళ్లు మనవాళ్లలో చాలామంది ఉన్నారు గనక ఇది గట్టిగా చెప్పుకోవాలి. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో ఇళ్లూ దుకాణాలూ కలిపి 45 లక్షలకు పైగా కనెక్షన్లకి కరెంటు పోయినప్పుడు ఎవరు ఏ కంపెనీకి కడుతున్నారని చీకటి చూసుకోలేదు. రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్కలోనే 246 మంది చనిపోయారు. ఆ రోజుల్లో టోకు మార్కెట్లో కరెంటు గరిష్ఠ పరిమితిని తాకింది, మెగావాట్ అవర్‌కి 9,000 డాలర్లు, అంటే యూనిట్ 9 డాలర్లు. స్థిర ధర ప్లాన్లలో ఉన్నవాళ్లకి ఆ దెబ్బ నేరుగా తగల్లేదు. టోకు ధరతో పాటే మారే ప్లాన్లు తీసుకున్న ఇళ్లకి మాత్రం వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. అదే ఏడాది చట్టం చేసి అలాంటి ప్లాన్లు ఇళ్లకి అమ్మకుండా ఆపేశారు. అంతకుముందు అవీ కాగితం మీద అందరికన్నా చౌకగానే కనబడేవి.

సెప్టెంబరులో కాంట్రాక్టు ముగిసే వేళకి మామగారే కూర్చోబెట్టాడు. పన్నెండు బిల్లులూ భోజనాల బల్ల మీద వరసగా పరిచి, మనవడి నోటుపుస్తకంలో గీతలు గీసి, పెన్సిలుతో రాశాడు. అక్టోబరు 780, నవంబరు 660, డిసెంబరు 910, జనవరి 980, ఫిబ్రవరి 870, మార్చి 690, ఏప్రిల్ 640, మే 940. ఏసీ ఆపకుండా తిరిగిన జూన్ 1,480, జులై 1,900, ఆగస్టు 2,050, సెప్టెంబరు 1,500. మొత్తం 13,400 యూనిట్లు. పన్నెండుతో భాగిస్తే నెలకి 1,117. సగటు చూస్తే వెయ్యి దాటిన ఇల్లే, అది చూసి ఆ ప్లాన్ తమకి సరిపోయిందనే అల్లుడికి మొదట అనిపించింది. నెలనెలా విడదీసి చూస్తే వెయ్యి దాటినవి నాలుగే. యూనిట్ 18 సెంట్ల లెక్కన 2,412 డాలర్లు, అందులో నాలుగు వందలు తగ్గించగా ఏడాదికి 2,012 కట్టారు. ఏ షరతూ లేకుండా ఎంత కాల్చినా 14 సెంట్లే ఉన్న ప్లాన్‌లో ఇదే వాడకానికి 1,876 పడేది. చౌకదని తీసుకున్నది 136 డాలర్లు ఎక్కువైంది.

బిల్లులు దాచుకోకపోయినా ఫర్వాలేదు. స్మార్ట్ మీటర్ టెక్సస్ అనే వెబ్‌సైట్‌లో ఖాతా తెరిస్తే పదిహేను నిమిషాలకోసారి కాలిన లెక్క కనబడుతుంది. కొత్త ఇంటికి ఆ లెక్క ఉండదు. అప్పుడు ఫ్యాక్ట్స్ లేబుల్‌లోని మూడు గడుల్లోనూ ధర దగ్గరదగ్గరగా ఉన్న ప్లాన్ తీసుకోవడం క్షేమం. 500 దగ్గర 18, వెయ్యి దగ్గర 8 అని కనబడితే ఆ ధర ఒక్క వాడకం దగ్గరే నిలబడుతుందని అర్థం. అలాంటి ధరని వరసలో అన్నిటికన్నా పైన నిలబెట్టనివ్వడం తప్పు. కాగితం నింపి ఇస్తే కంపెనీ బాధ్యత తీరిపోయిందనుకుంటున్నారు. ఆ లెక్క వేసే భారం పగలంతా పనిచేసి వచ్చి రాత్రి పదకొండింటికి ప్లాన్లు వెతుకుతున్న మనిషి మీద పడుతోంది.

అందరికన్నా ఎక్కువ నష్టపోయేది నిన్న మొన్న వచ్చిన పిల్లలు. డెంటన్ యూనివర్సిటీలో చేరినవాళ్లకి ఊరి కరెంటే. రిచర్డ్‌సన్‌లో చేరినవాళ్లు దిగిన వారంలోనే కంపెనీ వెతుక్కోవాలి. క్రెడిట్ చరిత్ర లేదని డిపాజిట్ అడుగుతారు. అంత డబ్బు చేతిలో లేక ప్రీపెయిడ్ తీసుకుంటారు, పరీక్షల వారంలో బ్యాలెన్సు అయిపోయి కరెంటు కట్టవుతుంది. దుకాణం గుమ్మంలో బల్ల వేసుకుని నవ్వుతూ పలకరించే ఏజెంటు దగ్గర సంతకం పెట్టేస్తారు. అలా కంపెనీ మారినవాళ్లు మూడు పనిదినాల్లోపు రుసుం లేకుండా రద్దు చేసుకోవచ్చు. కొత్తగా కనెక్షన్ పెట్టించుకున్నవాళ్లకి ఆ వెసులుబాటు లేదు. ఇల్లు మారి వెళ్లిపోతే మాత్రం కొత్త చిరునామా చూపిస్తే మధ్యలో మానుకున్నందుకు రుసుం పడదు. ఈ మాటలు పిల్లలకి సీనియర్లు చెబితేనే తెలుస్తున్నాయి.

ప్లానోలో ఉండే ఆమె పిన్ని కొడుకుది ఇంకో కథ. చెల్లెలి పెళ్లి పనుల్లో పడి కంపెనీ పంపిన మెయిళ్లు చూసుకోలేదు. కాంట్రాక్టు ముగిసి నెలనెలా మారే ధరలోకి జారిపోయాడు. వేసవి నడిమధ్యలో వచ్చిన బిల్లు అంతకుముందు నెలకి దాదాపు రెట్టింపు. గడువుకి పధ్నాలుగు రోజుల ముందు నుంచి రుసుం లేకుండా మారిపోవచ్చన్న సంగతి అతనికి ఆ తర్వాతే తెలిసింది.

మామగారు ఇది విని లేచి, ఫ్రిజ్ మీద వేలాడుతున్న తెలుగు క్యాలెండరు దగ్గరికి వెళ్లాడు. పధ్నాలుగు సెంట్ల కొత్త కాంట్రాక్టు వచ్చే ఏడాది సెప్టెంబరు 26న ముగుస్తుంది. ఆ క్యాలెండరు డిసెంబరుతో అయిపోతుంది. చివరి కాగితం తిప్పి, కింద ఖాళీ జాగాలో ఎర్ర పెన్నుతో రాశాడు: "సెప్టెంబరు 12 - కరెంటు." పక్కన ఇంకో ముక్క, కూతురి కోసం: "కొత్త క్యాలెండరు రాగానే ఎక్కించాలి."