అమ్మ వాటా

మన ఉత్తరాది వాగుల్లో పుట్టిన చారల చేపతో అమెరికాలో జార్జ్ స్ట్రైసింగర్ 1981లో చూపిన వింత ఇది. మగచేప బీజాన్ని అతినీలలోహిత కాంతిలో పెడితే దాని జన్యువులు పాడవుతాయి. ఈదుకుంటూ వెళ్లి గుడ్డును లేపడం మాత్రం చేయగలదు. అంతటితో నాన్న పని సరి! కానీ అమ్మ ఇచ్చిన సగంతోనే పెరిగే పిల్ల కొన్నాళ్లకే చచ్చిపోతుంది. అందుకని గుడ్డుకి సరైన నిమిషంలో వేడి తగిలించి, ఆ సగాన్నే రెట్టింపు చేశారు. అప్పుడు బతికాయి.

మేమంతా తమిళ బడిలో చదివినవాళ్లం. తెలుగు మాకు అమ్మ వాటా, అదీ మాట వరకే. అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కున్నాం. మా మనవలకు ఆ మాట కూడా సగమే. ఆదివారం సంఘంలో తెలుగు తరగతి ఉంది, పిల్లల్ని పంపండి. పలకలు మేం తెస్తాం.