రేపల్లె గుల్లలు... బోస్టన్ చౌడర్!

పాలూ చేపలూ ఒకే పూట తినకూడదు. తింటే బొల్లి వస్తుంది... తెలుగిళ్లలో ఈ మాట వినకుండా పెరిగినవాళ్లు అరుదు. చేపల పులుసు తిన్న రాత్రి పిల్లల చేతికి పాలగ్లాసు అందనివ్వని పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి ఇంట్లో, గుల్లల్ని పాలల్లో వేసి చిక్కటి సూపు చేసిపెట్టమని మనవడు అడిగితే? కిందటి డిసెంబరులో తెనాలిలోని ఓ అమ్మమ్మకు వచ్చిన చిక్కు అదే.

మనవడికి తొమ్మిదేళ్లు. పుట్టిందీ పెరుగుతున్నదీ అమెరికాలో, బోస్టన్ దగ్గర. సెలవులకు వచ్చిన మొదటి వారం గారెలూ, పులిబొంగరాలూ, కోడికూరా అన్నీ అయ్యాయి. రెండోవారం జలుబు చేసి నోరు చప్పబడింది. 'అమ్మమ్మా, క్లామ్ చౌడర్ కావాలి' అన్నాడు. అదేమిటో ఆమెకు తెలీదు. కూతురు ఫోనులో బొమ్మ చూపించింది. తెల్లటి సూపు, అందులో బంగాళాదుంప ముక్కలు, పైన నోరు తెరిచిన రెండు గుల్లలు. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. సూపు కొత్తదే. గుల్లలు మాత్రం కొత్తవి కావు. రేపల్లె దాటి నిజాంపట్నం వెళ్లే దారిలో, ఉప్పుటేటి పక్కనున్న పల్లె ఆమె పుట్టిల్లు.

ఓడ మీద పుట్టిన వంట

చౌడర్ అన్న మాట, ఫ్రెంచివాళ్లు పెద్ద కాగును పిలిచే 'షోడియేర్' నుంచి వచ్చిందంటారు. ఓడల్లో నెలల తరబడి నిలవుండే గట్టి బిస్కెట్లు, ఉప్పు పట్టించిన పందిమాంసం, ఉల్లిపాయలు, అప్పుడే పట్టిన చేపలు... అన్నీ కాగులో పొరలుపొరలుగా పరిచి ఉడికించుకునేవారు. 1751లోనే బోస్టన్ పత్రిక ఒకటి చేపల చౌడర్ తయారీని అచ్చు వేసింది. పాలూ బంగాళాదుంపలూ తరవాత వచ్చి చేరాయి. 1851లో వచ్చిన 'మోబీ డిక్' నవలలో హెర్మన్ మెల్విల్ ఏకంగా ఒక అధ్యాయానికి 'చౌడర్' అని పేరు పెట్టాడు. బోస్టన్‌లో 1826 నుంచి నడుస్తున్న యూనియన్ ఆయిస్టర్ హౌస్‌లో ఇప్పటికీ దీనికోసం వచ్చేవాళ్లెందరో. న్యూయార్క్ పక్క పాలు మానేసి టొమాటో వేస్తారు. బోస్టన్ వాళ్లు అది అసలు చౌడరే కాదంటారు. పులుసులో బెల్లం వేయాలా వద్దా అని మన దగ్గర వాదులాడుకున్నట్టే!

ఇంతా చేసి మొదట్లో అది జాలర్ల తిండి. ఒడ్డున ఇసుక తవ్వితే దొరికేదాంతో కడుపు నింపుకునే ఉపాయం. పెద్ద హోటళ్లలో పింగాణీ గిన్నెలోకి ఎక్కింది ఆ తరవాతే.

సున్నం కావాలి... కూర వద్దు

మన తీరంలోనూ గుల్లలకు కొదవలేదు. నదులు సముద్రంలో కలిసేచోట, ఉప్పుటేళ్లలో, మడ అడవుల పక్కన బురదలో బతుకుతాయవి. పోటు తీసినప్పుడు ఆడవాళ్లు మోకాళ్లలోతు నీళ్లలోకి దిగి, కాళ్లతో తడిమి, చేతులతో ఏరతారు. కాకినాడ తీరంలోనూ గుల్లల వేట ఉంది. వాటి చిప్పలు బట్టీల్లో కాలి గుల్లసున్నంగా మారేవి. ఆ సున్నం గోడలకు వెల్లవేశారు. తాంబూలంలో తమలపాకు మీద రాసుకున్నారు. చిప్పను అంత ఇష్టంగా వాడుకున్న ఎన్నో ఇళ్లు లోపలి మాంసాన్ని మాత్రం గడప దాటనివ్వలేదు. అది 'లేనివాళ్ల కూర'.

కేరళలో సంగతి వేరు. అక్కడ కక్క మాంసం చాలా ఇళ్లలో వండుకుంటారు. కొల్లం దగ్గరి అష్టముడి సరస్సులో గుల్లల వేటకు 2014లో ఎంఎస్‌సీ అనే అంతర్జాతీయ ధ్రువీకరణ వచ్చింది. వనరు తరిగిపోకుండా పద్ధతిగా వేటాడుతున్నారని ఇచ్చే గుర్తింపు అది. మనదేశంలో ఏ వేటకైనా ఆ గుర్తింపు రావడం అదే మొదలు.

తెనాలి అమ్మమ్మకు ఆ 'లేనివాళ్ల కూర' అన్నమాట బాగా తెలుసు. పెళ్లయిన మొదటి ఏడాది సంక్రాంతికి వాళ్లమ్మ సారెతోపాటు ఓ స్టీలు క్యారియర్ తెచ్చింది. బిడ్డకు ఇష్టమని తెల్లవారుజామునే వండిన గుల్లల ఇగురు. అత్తగారు మూత తీసి చూసి, 'ఇలాంటివి మా ఇంట్లో తినరు వదినగారూ' అని మర్యాదగానే అన్నారు. క్యారియర్ పెరట్లోకి వెళ్లింది. సాయంత్రం పనిమనిషి పట్టుకుపోయింది. వాళ్లమ్మ ఏమీ అనలేదు. మళ్లీ ఎప్పుడూ తేలేదు. బిడ్డ కూడా అడగలేదు. ఎవరన్నా 'మీ వైపు గుల్లలు తింటారటగా' అంటే నవ్వేసి మాట మార్చడం అలవాటు చేసుకుంది. ఆ తల్లి ఇప్పుడు లేదు. ఇంట్లో ఎనభై దాటిన అత్తగారున్నారు.

రైలెక్కిన గోనెసంచి

మనవడి కోసం వెతుకులాట మొదలైంది. తెనాలి చేపల బజారులో అడిగితే 'గుల్లలెవరు కొంటారమ్మా ఇక్కడ!' అన్నారు. ఆమె భర్త ఓ పొద్దున బాపట్ల వెళ్లి సూర్యలంక దాకా చూసొచ్చారు. రొయ్యలు దొరికాయి, పీతలు దొరికాయి, గుల్లలు లేవు. చివరికి ఆమె తమ్ముడికి ఫోను చేసింది. 'ఎన్నాళ్లకు అడిగావక్కా!' అన్నాడతను. రెండోరోజు రేపల్లె నుంచి వచ్చిన రైల్లో దిగాడు. ఒక చేతిలో తడి గోనెసంచి, రెండో చేతిలో క్యాను నిండా ఏటినీళ్లు.

ఆ క్యాను ఊరికే తేలేదు. గుల్లల వంటలో అసలు పని ఇసుక వదిలించడమే. మంచినీళ్లలో పోస్తే అవి నోరు మూసుకుంటాయి, ఎక్కువసేపైతే చచ్చిపోతాయి. అవి బతికిన ఉప్పునీళ్లలోనే ఉంచితే నెమ్మదిగా నోరు తెరిచి ఇసుక కక్కుతాయి. ఏటినీళ్లు లేకపోతే లీటరుకు 30 గ్రాముల ఉప్పు కలిపితే సరి. చీకటిగా ఉన్నచోట మూడు నాలుగు గంటలుంచి, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చాలి. వండేముందు ఒక్కోదాన్నీ వేలితో తట్టి చూడాలి. నోరు తెరిచే ఉండి, తట్టినా మూసుకోనిది చచ్చినట్టే. పారేయాలి. ఉడికాక నోరు తెరవనిదాన్నీ అంతే.

ఇలా చేయాలి

రెండు కిలోల గుల్లల్ని బాగా కడిగి, అరగ్లాసు నీళ్లతో వెడల్పాటి గిన్నెలో వేసి మూతపెట్టాలి. పెద్దమంట మీద అయిదారు నిమిషాల్లో నోళ్లు తెరుస్తాయి. గిన్నెలో మిగిలిన నీళ్లు పారబోయొద్దు. చౌడర్ రుచంతా అందులోనే ఉంది. పల్చటి బట్టలో వడకట్టి పక్కన పెట్టుకోవాలి. చిప్పలు తీసేస్తే పావుకిలోకి కాస్త అటూ ఇటూగా మాంసం వస్తుంది.

అమెరికాలో ముందుగా పందిమాంసం వేయిస్తారు. తెనాలి వంటింట్లో వెన్నతో సరిపెట్టారు. రెండు చెంచాల వెన్నలో సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర కాడలు మగ్గించి, రెండు చెంచాల మైదా వేసి పచ్చివాసన పోయేదాకా వేయించారు. అందులో గుల్లలనీళ్లు కొద్దికొద్దిగా పోసి ఉండకట్టకుండా కలిపి, రెండు మూడు బంగాళాదుంపల ముక్కలు వేశారు. అక్కడివాళ్లు థైమ్ అనే ఆకు వేస్తారు. దానికి ఆ ఘాటు తెచ్చే థైమాలే మన వాములోనూ ఉంటుంది. అందుకని చిటికెడు వాము నలిపి వేశారు. జలుబు చేసిన పిల్లాడికి మంచిదేనని అమ్మమ్మ ధైర్యం!

ముక్క మెత్తబడ్డాక మంట బాగా తగ్గించి, అరలీటరు వేడిపాలు పోయాలి. అక్కడ పాలకు మీగడ కూడా కలుపుతారు. మన గేదెపాలలో వెన్న 6 నుంచి 7 శాతం ఉంటుంది కాబట్టి ఆ అవసరం రాలేదు. పాలు పోశాక తెర్లనివ్వకూడదు. విరుగుతాయి. పులుపు తగలకూడదు. ఉప్పు చివర్లో రుచి చూసే వేయాలి, గుల్లలనీళ్లే ఉప్పగా ఉంటాయి. గుల్లలు ఆఖర్న వేసి రెండు నిమిషాలకే దించేయాలి. ఎక్కువ ఉడికితే రబ్బరే! పైన మిరియాలపొడి, పక్కన కాల్చిన బ్రెడ్డుముక్క.

బొల్లి భయం నిజమేనా?

పాల దగ్గరకొచ్చేసరికి అత్తగారు అడ్డుపడ్డారు. 'పసివాడికి పాలల్లో వేసి పెడతావా? ఒళ్లంతా మచ్చలొస్తే?'

ఆ భయం ఆమె ఒక్కరిదే కాదు. పాలూ చేపలూ విరుద్ధాహారమని చరక సంహితలోనే ఉంది. కానీ బొల్లికి కారణం ఆ కలయిక అనడానికి ఆధారాల్లేవని చర్మవైద్యులు చెబుతారు. శరీరంలోని రక్షణవ్యవస్థే పొరపాటున చర్మానికి రంగునిచ్చే కణాల మీద దాడి చేయడం వల్ల బొల్లి వస్తుంది. పాలల్లో చేపలు తినే దేశాల్లోనూ, అసలు చేపలే ముట్టని ఇళ్లలోనూ అది కనిపిస్తుంది.

జాగ్రత్త పడాల్సింది వేరేచోట. గుల్ల నీళ్లను వడగట్టి అందులోని సూక్ష్మజీవుల్ని తిని బతుకుతుంది. ఆ నీళ్లలో మురుగుంటే అదీ లోపలికి చేరుతుంది. పట్నం కాలువలూ రొయ్యల చెరువుల నీళ్లూ కలిసేచోటివి తినకూడదు. సముద్రం రంగు మారినప్పుడు గుల్లల్లో చేరే కొన్ని విషాలు ఎంత ఉడికించినా పోవు. రొయ్యలూ పీతలూ పడనివాళ్లు వీటికీ దూరంగా ఉండాలి. ఆ భయాల్లేనిచోట మాత్రం గుల్ల బలమైన ఆహారం. ఇనుమూ, బి12 విటమినూ పుష్కలం.

ఇవన్నీ కూతురు వివరించింది. నాయనమ్మ విన్నారు కానీ ఒప్పుకోలేదు. చివరికి రెండు గిన్నెలయ్యాయి. ఒకదాంట్లో గేదెపాలు, ఇంకోదాంట్లో కొబ్బరిపాలు. కొబ్బరిపాలకు ఏ నిషేధమూ లేదు మరి!

'ఇదేనా అమ్మాయ్?'

మనవడు పాల గిన్నె రెండుసార్లు ఖాళీ చేశాడు. 'మా ఇంటి దగ్గర హోటల్లో కంటే గుల్లలు ఎక్కువున్నాయి' అని మెచ్చుకున్నాడు. పెద్దావిడ కొబ్బరిపాలది చెంచాతో కొంచెం నోట్లో వేసుకున్నారు. ఇంకొంచెం వేసుకున్నారు. చెంచా ఆపి కోడలి వైపు చూశారు.

'మీ అమ్మ ఆరోజు తెచ్చింది ఇదేనా అమ్మాయ్?'

'అవునత్తయ్యా. పాలుండవు. ఇగురు.'

పెద్దావిడ మరేమీ అనలేదు. గిన్నె మాత్రం మిగల్చలేదు. గోనెసంచిలో ఇంకా కిలోపైనే గుల్లలున్నాయి. మర్నాడు పొద్దున ఆమె తమ్ముణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, అమ్మ అల్లం ఎంత వేసేది, కారం ఎప్పుడు వేసేదని ఒక్కోటీ గుర్తుచేసుకుంటూ ఇగురు వండింది. తెనాలి ఇంట్లో ఆ వాసన రావడం అదే మొదటిసారి. ఈసారి గిన్నె పెరట్లోకి వెళ్లలేదు. అన్నాల దగ్గర అందరి మధ్యలో పెట్టారు.